ఉస్మానియానా, జేఎన్‌టీయూనా?

తెలంగాణలో ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చిన రోజు నుంచి వెబ్ ఆప్షన్ల గడువు ముగిసే రాత్రి దాకా చాలా ఇళ్లలో ఒకటే చర్చ: ఉస్మానియానా, జేఎన్‌టీయూనా? మేనమామ ఉస్మానియా అంటాడు; ఆయన అక్కడే చదివాడు. బాబాయి జేఎన్‌టీయూ అంటాడు. ఆయన ఎక్కడ చదివాడో వేరే చెప్పక్కర్లేదు. చదవాల్సిన అమ్మాయి ఈ ఇద్దరి మాటా వినకుండా, ముక్కూమొహం తెలియని సీనియర్ ఎవరో పెట్టిన వీడియో చూస్తూ కూర్చుంటుంది. ముగ్గురిలో ఆ సీనియరే కాస్త నయం. కనీసం అతను చదువుతున్నది ఈ పదేళ్లలోనే.

ఈ ప్రశ్న మీద ఖర్చవుతున్నంత ఆవేశానికి ఇది తగదని నా ఉద్దేశం. కూకట్‌పల్లిలోని జేఎన్‌టీయూ క్యాంపస్ కాలేజీకి, తార్నాక పక్కనున్న ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీకి మధ్య, అదే బ్రాంచి అయితే, తేడా చాలా తక్కువ. పెద్ద తేడాలన్నీ ఆ రెండు పేర్ల కింద ఉన్నాయి. వాటి గురించి మాత్రం ఇంట్లో ఎవరూ గొంతు పెంచరు.

ముందు పుట్టుపూర్వోత్తరాలు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ బోధనా భాషగా మొదలైంది. దాని ఇంజనీరింగ్ కాలేజీ 1929 నాటిది. జేఎన్‌టీయూ 1972 అక్టోబరు 2న ఏర్పడింది. అయితే దాని కాలేజీలు విశ్వవిద్యాలయం కన్నా పాతవి. కాకినాడ, అనంతపురం కాలేజీలు 1946 నాటివి. హైదరాబాద్ కాలేజీ 1965లో నాగార్జునసాగర్ ఇంజనీరింగ్ కాలేజీ అనే పేరుతో మొదలైంది. 2008లో ఆ ఒక్క విశ్వవిద్యాలయాన్ని విడదీసి హైదరాబాద్, కాకినాడ, అనంతపురం జేఎన్‌టీయూలను, లలితకళలకు, వాస్తుశిల్పానికి మరో విశ్వవిద్యాలయాన్ని చేశారు.

ఉస్మానియా బీఈ ఇస్తుంది, జేఎన్‌టీయూ బీటెక్ ఇస్తుంది. యూజీసీ గుర్తించిన డిగ్రీల్లో రెండూ ఉన్నాయి. గేట్‌కైనా, ప్రభుత్వోద్యోగానికైనా, విదేశాల్లో ఎంఎస్‌కైనా రెండూ సమానమే. ‘బీఈలో థియరీ ఎక్కువ, బీటెక్‌లో ప్రాక్టికల్స్ ఎక్కువ’ అనే మాట మాత్రం ఏటా కౌన్సెలింగ్ వేళకు మళ్లీ పుడుతుంది. రెండుచోట్లా ల్యాబ్ రికార్డును సీనియర్ దగ్గర అడిగి తెచ్చుకుని రాసే ఆచారం ఒకటే కాబట్టి ఆ వాదనను అక్కడితో వదిలేయవచ్చు.

ఇక అసలు సంగతికి వద్దాం. ‘మావాడికి జేఎన్‌టీయూలో వచ్చింది’ అని ఎవరైనా అంటే వెంటనే అభినందించకండి. ఎక్కడ అని అడగండి. కూకట్‌పల్లి క్యాంపస్ కావచ్చు. జగిత్యాల, మంథని, సుల్తాన్‌పూర్, సిరిసిల్లల్లో అదే విశ్వవిద్యాలయం నడిపే కాలేజీల్లో ఒకటి కావచ్చు. దానికి అనుబంధంగా ఉండి స్వయంప్రతిపత్తి, అంటే అందరూ అనే ‘అటానమస్’ హోదా, తెచ్చుకున్న ప్రైవేటు కాలేజీ కావచ్చు. ఆ హోదా కూడా లేని మామూలు అనుబంధ కాలేజీ కావచ్చు. ఈ నాలుగు రకాల కాలేజీల పట్టాల మీదా ఉండేది ఒకే విశ్వవిద్యాలయం పేరు. వాటిలో గడిపే నాలుగేళ్లకు మాత్రం పోలిక తక్కువ. ఉస్మానియా సంగతీ ఇంతే. 1979లో మొదలైన చైతన్య భారతి, 1981లో మొదలైన వాసవి ఆ విశ్వవిద్యాలయానికి అనుబంధ కాలేజీలు. వాటిలో సీఎస్ఈ సీటు కోసం క్యాంపస్ కోసం పోటీపడినట్టే పోటీ పడతారు. అదే విశ్వవిద్యాలయం కింద మరికొన్ని కాలేజీల్లో చివరి విడత అయ్యాక కూడా సీట్లు మిగులుతాయి.

అటానమస్ అంటే ఏమిటో చాలామంది తల్లిదండ్రులకు ఎవరూ వివరించి ఉండరు. కాలేజీ తన సిలబస్‌ను తానే రాసుకుంటుంది. పరీక్ష తానే పెడుతుంది, పేపర్లు తానే దిద్దిస్తుంది. డిగ్రీ మాత్రం విశ్వవిద్యాలయం ఇస్తుంది. మంచి చేతుల్లో ఇది నిజంగా మంచి ఏర్పాటు. పరిశ్రమలో వచ్చిన మార్పు రెండేళ్లలో పాఠంలోకి వస్తుంది. అనుబంధ కాలేజీలన్నిటికీ కలిపి ఒకే సిలబస్ మార్చాలంటే అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఇంకో రకం చేతుల్లో, ప్రశ్నపత్రం ఇచ్చేవాళ్లూ దిద్దేవాళ్లూ ఫలితాల మీద ప్రకటన వేసుకునేవాళ్లూ ఒకరే అవుతారు. అలాంటి చోట సీజీపీఏలు ఏటికేడాది పెరిగితే ఆశ్చర్యం లేదు. పెరగని కాలేజీ కనిపిస్తే దాన్ని గుర్తుపెట్టుకోండి.

కాబట్టి పోల్చాల్సింది విశ్వవిద్యాలయం పేరును కాదు, మీ పిల్ల కూర్చోబోయే విభాగాన్ని. దాన్ని పోల్చడానికి సామాన్యులకు అందుబాటులో ఉన్న ఒక మంచి ఆధారం ఉంది. విచిత్రమేమిటంటే దాన్ని ప్రకటించేది కాలేజీలే.

కేంద్ర విద్యాశాఖ 2016 నుంచి ఎన్ఐఆర్ఎఫ్ పేరుతో ర్యాంకులు ఇస్తోంది. ఈ ర్యాంకును హోర్డింగు మీద అందరూ చూస్తారు. ఆ ర్యాంకు కోసం కాలేజీ సమర్పించిన వివరాల పట్టికను దాదాపు ఎవరూ చూడరు. దాన్ని కాలేజీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. తరచూ ఏదో మూలన, చిన్న అక్షరాల లింకు కింద ఉంటుంది. అందులో ఒక బ్యాచ్‌కు సంబంధించి ఇవి ఉంటాయి: ఎన్ని సీట్లు, ఎందరు చేరారు, డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలో ఎందరు చేరారు, నాలుగేళ్ల గడువులోనే ఎందరు పాసై బయటపడ్డారు, ఎందరికి ఉద్యోగాలు వచ్చాయి, వాళ్ల మధ్యస్థ జీతం ఎంత, పై చదువులకు ఎందరు వెళ్లారు.

ఉదాహరణకు ఒక కాలేజీ అనుకోండి, ఊహించినదే. మొదటి ఏడాదిలో 118 మంది చేరారు. డిప్లొమా నుంచి 12 మంది వచ్చారు. మొత్తం 130. వీళ్లలో సకాలంలో పాసైనవారు 96. ఉద్యోగాలు వచ్చినవారు 60. పై చదువులకు వెళ్లినవారు 20. ఆ కాలేజీ ప్రకటన ఎలా ఉంటుందో చూడండి. పాసైన 96లో పై చదువులకు పోయిన 20 మందిని తీసేస్తారు. మిగిలిన 76లో 60 మందికి ఉద్యోగాలు, కాబట్టి ‘79 శాతం ప్లేస్‌మెంట్లు’. అబద్ధం కాదు. చేరిన 130 మందిని లెక్కలోకి తీసుకుంటే అదే 46 శాతం. ఇదీ అబద్ధం కాదు. ఫీజు కట్టేటప్పుడు మీరు నిలబడేది 130 మంది వరసలో కనుక రెండో లెక్క మీకు కావాల్సింది. నాకు ఇంకా ముఖ్యంగా కనిపించే అంకె వేరే ఉంది. 130లో 34 మంది నాలుగేళ్లలో బయటపడలేదు. ఆ 34 మంది గురించి ఏ బ్రోచర్‌లోనూ ఒక్క వాక్యం ఉండదు.

జీతం విషయంలో సగటును నమ్మకండి. పదిమందిలో తొమ్మిదిమందికి 4 లక్షల చొప్పున, ఒక్కరికి 44 లక్షలు వస్తే సగటు 8 లక్షలు. ఆ గదిలో 8 లక్షలు తెచ్చుకున్నవాడు ఒక్కడూ లేడు. అందరినీ జీతం వరసలో నిలబెడితే నడిమధ్య ఉన్నవాడికి వచ్చేదే మధ్యస్థ జీతం, అంటే మీడియన్. ఇక్కడ అది 4 లక్షలు. పట్టికలో ఇదే ఉంటుంది. హోర్డింగు మీద 44 లక్షలు, దాని పక్కన ఆ కుర్రాడి ఫొటో ఉంటాయి. ఒక్కో విద్యార్థికి రెండు మూడు ఆఫర్లు వస్తే అన్నిటినీ లెక్కగట్టి ‘ఇన్ని ఆఫర్లు’ అని వేసుకునే పద్ధతి కూడా ఉంది. అందుకే ఆఫర్లు ఎన్ని అని అడక్కండి, ఆఫర్ వచ్చిన పిల్లలు ఎందరు అని అడగండి.

ఈ పట్టికకు పరిమితులున్నాయి. నాలుగేళ్ల కోర్సులన్నిటినీ కలిపి ఇస్తుంది కాబట్టి సీఎస్ఈ అంకెల చాటున సివిల్ దాక్కుంటుంది. వివరాలు కాలేజీ సమర్పించినవే. కనీసం మూడు బ్యాచ్‌లు బయటికి వచ్చిన సంస్థలకే ఈ ర్యాంకుల్లో చోటు కనుక, నిన్నగాక మొన్న పెట్టిన విశ్వవిద్యాలయానికి పట్టికే ఉండదు. దానికి బదులు అక్కడ భవనం ఎత్తు చూపిస్తారు. ర్యాంకు సంగతికొస్తే, ఇంజనీరింగ్ విభాగంలో పరిశోధనకు 30 శాతం, జనాభిప్రాయానికి 10 శాతం బరువు ఉంది. మొదటి ఏడాది గణితం ఎవరు చెబుతారన్న దానికి విడిగా బరువు లేదు. 60వ ర్యాంకుకూ 90వ ర్యాంకుకూ ఉన్న తేడాతో మీ పిల్ల చదువు మారదు.

అదే పట్టికల్లో అధ్యాపకుల వివరాలు కూడా ఉంటాయి: చదువు, అనుభవం, చేరిన తేదీ, రెగ్యులరా కాదా. చేరిన తేదీల వరస ఒకసారి చూడండి. విభాగంలో సగం మంది ఏడాది లోపే చేరినవాళ్లయితే, మిగిలిన సగం మంది వెళ్లిపోయే ఏర్పాట్లలో ఉన్నారేమో విచారించాలి. ఏఐసీటీఈ నిబంధన ప్రకారం 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. తనిఖీకి వచ్చిన రోజున చాలా కాలేజీల్లో ఉంటారు కూడా.

ఈ విషయంలో ప్రభుత్వ క్యాంపస్‌లకు మార్కులు వేసే ముందు ఒక చేదు నిజం చెప్పాలి. ఉస్మానియాలోనూ జేఎన్‌టీయూలోనూ శాశ్వత అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. చాలా పాఠాలు కాంట్రాక్టు అధ్యాపకులు, పార్ట్‌టైమ్ వాళ్లు, పరిశోధక విద్యార్థులే చెబుతున్నారు. వాళ్లలో గొప్పగా చెప్పేవాళ్లున్నారు. అయినా వచ్చే ఏడాది ఉంటారో లేదో తెలియని మనిషి ల్యాబ్‌ను పట్టించుకోవాలని ఆశించడం కష్టం. మరి క్యాంపస్‌లో ఏముంది? పక్కన కూర్చునే పిల్లలున్నారు. వేల ర్యాంకుల్లోంచి ఏరి తెచ్చినవాళ్లు నాలుగేళ్లు ఒకే హాస్టల్లో ఉంటే సారు రాని రోజున కూడా కొంత చదువు జరుగుతుంది. తక్కువ ఫీజు ఉంది. నిర్బంధం తక్కువ. ఈ చివరిది కొందరికి వరం, ఇంటర్లో రెండేళ్లు తెల్లవారుజాము స్టడీ అవర్లకు అలవాటుపడి, ఎవరైనా లేపితే గానీ లేవని కొందరికి ప్రమాదం. మీ పిల్ల ఏ రకమో ఎన్ఐఆర్ఎఫ్‌కు తెలియదు, మీకు తెలుస్తుంది.

గుర్తింపుల సంగతి క్లుప్తంగా. నాక్ గ్రేడు మొత్తం సంస్థకు ఇస్తారు. ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో కోర్సుకు విడిగా, కాలపరిమితితో ఇస్తారు. అందువల్ల ‘మాకు ఎన్‌బీఏ ఉంది’ అంటే ఏ బ్రాంచికి, ఎప్పటిదాకా అని అడగాలి. ఇంజనీరింగ్ డిగ్రీలను పరస్పరం గుర్తించే వాషింగ్టన్ ఒప్పందంలో భారత్ 2014లో పూర్తి సభ్యత్వం పొందాక, టైర్-1 కింద ఎన్‌బీఏ పొందిన కోర్సులకు ఆ ఒప్పందంలోని దేశాల్లో గుర్తింపు ఉంది. కెనడాలోనో ఆస్ట్రేలియాలోనో సివిల్ ఇంజనీరుగా లైసెన్సు తీసుకోవాలనుకునేవాళ్లకు ఇది అక్కరకొస్తుంది. కోడింగ్ ఉద్యోగానికి పోయేవాళ్లను దీని గురించి ఎవరూ అడగరు. నాక్ గ్రేడును ఎంత నమ్మాలంటే, 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లోని ఒక డీమ్డ్ విశ్వవిద్యాలయానికి మంచి గ్రేడు కోసం లంచం తీసుకున్నారన్న ఆరోపణలపై నాక్ తనిఖీ బృందం సభ్యులను సీబీఐ అరెస్టు చేసింది. గ్రేడును చూడండి, దాని ముందు సాగిలపడకండి.

డబ్బు గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. తెలంగాణలో ఆదాయ పరిమితికి లోబడిన బీసీ, ఈబీసీ విద్యార్థులకు ర్యాంకు 10 వేల లోపు అయితే ఫీజు మొత్తాన్నీ ప్రభుత్వం భరిస్తుంది, దాటితే 35 వేల వరకు. ఎస్సీ, ఎస్టీలకు పూర్తి ఫీజు. ఇది కన్వీనర్ కోటా సీటుకే. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్‌వి, మిగిలిన 30 శాతం యాజమాన్యానివి. పేరున్న ప్రైవేటు కాలేజీ ఫీజులో క్యాంపస్ రెగ్యులర్ సీటు ఫీజు సగం కూడా ఉండదు. అయితే క్యాంపస్ కాలేజీల్లోనూ కొన్ని కోర్సులు సెల్ఫ్ ఫైనాన్స్ కింద నడుస్తాయి. ఆ ఫీజు వేరు. ఆప్షన్ పెట్టేటప్పుడు కాలేజీ కోడు, కోర్సు కోడు అక్షరం అక్షరం చూసుకోండి. కూకట్‌పల్లి అనుకుని జగిత్యాల కాలేజీ ఉన్న కొండగట్టు పక్కన తేలినా, రెగ్యులర్ అనుకుని సెల్ఫ్ ఫైనాన్స్‌లో తేలినా తప్పు కంప్యూటర్‌ది కాదు.

ప్రభుత్వం భరిస్తుంది అన్నాను, ఎప్పుడు అనలేదు. బకాయిలు పేరుకుపోయాయని 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయి. రీయింబర్స్‌మెంటు రాలేదంటూ చదువు పూర్తయిన పిల్లల సర్టిఫికెట్లు ఆపే కాలేజీలున్నాయి. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. ఆ ఉత్తర్వు కాపీ ఒకటి ఫైల్లో ఉంచుకోండి. కొత్తగా చేరినప్పుడు కన్నా చివరి ఏడాది ఆఫర్ లెటర్ చేతిలో ఉన్నప్పుడు దాని అవసరం పడుతుంది.

బ్రాంచి పెద్దదా, కాలేజీ పెద్దదా? ఉస్మానియాలో ఈసీఈ వస్తోంది, ఒక కొత్త ప్రైవేటు విశ్వవిద్యాలయంలో సీఎస్ఈ ఏఐ అండ్ ఎంఎల్ వస్తోంది అనుకుందాం. నేనైతే ఉస్మానియా ఈసీఈ తీసుకోమంటాను, నాలుగేళ్లలో మిగిలే కొన్ని లక్షల రూపాయల సంగతి పక్కనపెట్టినా సరే. అడోబ్‌ను ఏళ్ల తరబడి నడిపిన శంతను నారాయణ్ ఉస్మానియాలో చదివింది ఎలక్ట్రానిక్స్. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల మణిపాల్‌లో చదివింది ఎలక్ట్రికల్. వీళ్లను చూసి చేరితే మీరూ అంతవారవుతారని కాదు. ఒకరిద్దరి పేర్లతో ఏ కాలేజీనీ అంచనా కట్టలేం. సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లడానికి సీఎస్ఈ ఒక్కటే దారి కాదని మాత్రం తెలుస్తుంది.

పైగా ఏఐసీటీఈ 2024-25 నుంచి మంచి స్థితిలో ఉన్న కాలేజీలకు సీట్ల గరిష్ఠ పరిమితి ఎత్తేశాక సీఎస్ఈ సీట్లు వరదలా పెరిగాయి. అధ్యాపకులు అంత వేగంగా తయారు కాలేదు. డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ, ఐఓటీ అని బోర్డులు వేరైనా మొదటి రెండేళ్ల సబ్జెక్టులు చాలాచోట్ల మామూలు సీఎస్ఈవే. ఒకే సారు మూడు గదుల్లో ఒకే పాఠం చెప్పి వస్తాడు. అలాగని అబ్బాయికి కంప్యూటర్లంటేనే ప్రాణం, సివిల్ అంటే తలనొప్పి అయితే, క్యాంపస్ పేరు కోసం సివిల్‌లో పడేయకండి. ఇష్టం లేని బ్రాంచిలో చేరినవాళ్లలో చాలామంది పైన చెప్పిన ఆ 34 మందిలో తేలతారు. ఉస్మానియా ఆవరణలోనే టెక్నాలజీ కాలేజీలో కెమికల్, టెక్స్‌టైల్, ఫుడ్ టెక్నాలజీ ఉన్నాయి; జేఎన్‌టీయూలో మెటలర్జీ ఉంది. వీటిని ‘ఏదీ రాకపోతే’ అన్నట్టు కాకుండా కోరి చదివేవాళ్లు తక్కువ. కోరి చదివేవాళ్లకు పోటీ కూడా తక్కువే.

ఆంధ్రప్రదేశ్ వారికి ఒక మాట. పునర్విభజన చట్టంలోని పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. 2025-26 ప్రవేశాల నుంచి తెలంగాణలోని 15 శాతం స్థానికేతర కోటాలో విజయవాడ, కర్నూలు పిల్లలకు మునుపటి అవకాశం లేదు. వారికి ఇదే ప్రశ్న విశాఖలోని ఆంధ్రా విశ్వవిద్యాలయమా, కాకినాడ జేఎన్‌టీయూనా అనే రూపంలో వస్తుంది. జవాబు వెతికే పద్ధతి మారదు. అక్కడ కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లోనూ 35 శాతం సీట్లు కన్వీనర్ ద్వారా నిండుతున్నాయి కాబట్టి, వాటిని మేనేజ్‌మెంట్ ఫీజు చూసి ముందే కొట్టేయకండి.

రెండింట్లో ఒకటి తేల్చుకోలేకపోతే రెండు చోట్లకూ మామూలు పనిరోజున వెళ్లండి. ఓపెన్ డే నాడు వద్దు. ఆ రోజు పూలకుండీలు కూడా అద్దెవే. క్యాంటీన్ దగ్గర మూడో ఏడాది పిల్లలను పట్టుకోండి. ‘కాలేజీ ఎలా ఉంది?’ అంటే బాగుందంటారు. ‘మొన్నటి సెమిస్టర్‌లో మీకు ఏ సబ్జెక్టు ఎవరు చెప్పారు, ఆ సారు ఇంకా ఉన్నారా, ల్యాబ్‌లో ఒక్కో సిస్టమ్ దగ్గర ఎందరు కూర్చుంటారు, మీ క్లాసులో బ్యాక్‌లాగులు ఎందరికి ఉన్నాయి, హాస్టల్లో గది ఏ ఏడాదిలో దొరికింది?’ అని అడగండి. చెప్పేవి వేరుగా ఉంటాయి. ఇవన్నీ సమానంగా తేలితే ఇంటికి ఏది దగ్గరో అది చాలు. రోజూ ఎల్బీనగర్ నుంచి కూకట్‌పల్లికి మెట్రోలో పోయివచ్చే గంటలను నాలుగేళ్లకు లెక్కగడితే ఒక సెమిస్టర్ కన్నా తక్కువేమీ రాదు.

చివరగా ఆప్షన్ల వరస. కంప్యూటర్ ర్యాంకుల క్రమంలో ఒక్కొక్కరినీ తీసుకుని, వాళ్ల జాబితాలో పైనుంచి కిందికి వస్తూ, వాళ్ల కేటగిరీకి ఖాళీ ఉన్న మొదటి సీటును కేటాయిస్తుంది. రాని సీటును పైన పెట్టినందుకు శిక్షేమీ లేదు. వచ్చే సీటును పైన పెట్టి, కావాల్సినదాన్ని కింద పెడితే మాత్రం కావాల్సింది ఖాళీగా ఉన్నా రాదు. కాబట్టి ‘మనకెక్కడ వస్తుందిలే’ అనే వినయం ఇక్కడ వద్దు. నిజంగా కావాల్సిన వరసలోనే పెట్టండి. రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టి కొత్త సీటు వస్తే, మొదటి విడతలో వచ్చిన సీటు దానంతటదే రద్దయి వేరొకరికి పోతుంది. వెనక్కి అడిగినా ఇవ్వరు. ఆ విడతలో మీ చేతిలో ఉన్న సీటు కన్నా నిజంగా మెరుగనుకున్నవే పెట్టండి, తక్కినవి ఖాళీగా వదిలేయండి.